టర్కీ కోళ్లు చెట్టెక్కే వేళ

గుంటూరులో మా పెరటి కోళ్లు మునిమాపు వేళ గంప కిందికి చేరడమే ఎరిగిన నాకు, అమెరికాలో 8 కిలోల అడవి టర్కీ పుంజు రెక్కలు టపటపలాడించుకుంటూ ఎత్తయిన కొమ్మకు ఎగరడం చూస్తే నోట మాట రాలేదు. వేటగాడైన మా బావగారు ఆ సాయంత్రం తుపాకిని బండిలోనే ఉంచి, గుడ్లగూబలా ఒక కూత పెట్టగా, ఉలిక్కిపడిన పుంజు గొంతెత్తి గుడగుడమని బదులిచ్చి, తానున్న చెట్టు ఏదో తానే చెప్పేసింది. చెట్టెక్కి పడుకున్న పక్షిని కాల్చడం అక్కడి చాలా రాష్ట్రాల్లో నిషిద్ధం. పైగా బెదిరితే అది మకాం మార్చేయవచ్చు కనుక, చప్పుడు చేయకుండా వెనుదిరిగి, తెల్లవారకముందే వచ్చి మాటు వేయాలట. మన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు వాలే సాయంత్రాలు నాకు అప్పుడు గుర్తుకొచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని, అక్కడ మన చేతిలో ఉండదగినది బైనాక్యులర్ ఒక్కటే.