పదిహేడు సార్లు 'ఇక్కడ నొక్కండి'

"లింక్, ఇక్కడ నొక్కండి. లింక్, ఇక్కడ నొక్కండి. లింక్..."

ఐదోసారికి ఫోన్లో మావాడు నవ్వేశాడు. "ఎక్కడ నొక్కమంటావురా బాబూ?"

వాడికి చూపు లేదు. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి, చుట్టూ ఉన్న వాక్యాలు రావు. నేను కట్టిన సైట్‌లో ఆ జాబితా నిండా పదిహేడు 'ఇక్కడ నొక్కండి'లే.

మొదట తెలివిగా ప్రతి లింకుకీ టైటిల్ యాట్రిబ్యూట్, అంటే కోడ్‌లో రాసే చిన్న వివరణ, తగిలించా. మౌస్ పెడితే ముచ్చటగా చిన్న పెట్టె వస్తోంది. వాడి జాబితాలో మాత్రం మళ్లీ అదే పాట. అసలు మౌసే ముట్టని మనిషికి ఆ పెట్టె ఎందుకట!

చివరికి లింకు మాటలే మార్చా. 'దరఖాస్తు ఫారం', 'ఫీజు వివరాలు', ఇలా. అవతలి పేజీ దేని గురించో గూగుల్ అంచనా వేసేదీ ఆ మాటల్ని కూడా చూసే కదా. అక్షరమే లేని వాట్సాప్ బొమ్మకి మాత్రం ఏరియా-లేబుల్, అంటే తెర మీద కనిపించకుండా స్క్రీన్ రీడర్‌కి అందే పేరు, ఇచ్చా.

సిగ్గేసింది ఏంటంటే, ప్రకటన లింకులకు, అవి ఏ రకం లింకులో చెప్పే 'రెల్' అనే కోడ్‌లో, 'స్పాన్సర్డ్' అని గూగుల్ కోసం మర్చిపోకుండా రాశాను. మనిషి చెవిన పడే మాట దగ్గరే బద్ధకించాను.

ఇందాక మళ్లీ ఫోన్. "ఫారం దొరికిందిరా. కానీ ఏ పెట్టెలో పేరు రాయాలో, ఏ పెట్టెలో ఊరు రాయాలో చెప్పట్లేదు."

లేబుల్స్ పెట్టలేదు. టీ పెట్టుకుని మళ్లీ కూర్చున్నా.