కండరం కురచైందా, కీలు బిగిసిందా?

ఫిజియోథెరపీ చదివేవాళ్లకు కీలు కోణం కొలిచే గోనియోమీటరు పట్టడం తొందరగానే వస్తుంది. తిప్పలంతా వచ్చిన అంకెను అర్థం చేసుకోవడంలోనే. పాదం పైకి 2 డిగ్రీలే వంగిందని రాసుకుంటే సరిపోదు. అక్కడ ఆపింది పిక్క కండరమా, చీలమండ కీలు చుట్టూ ఉండే క్యాప్సూలా, ఎముకా? కండరమైతే సాగదీయాలి, క్యాప్సూలైతే కీలును చేత్తో కదిలించి వదులు (మొబిలైజ్) చేయాలి, ఎముకకు ఎముక అడ్డం పడుతుంటే రెండూ దండగే.

తేల్చుకోవడానికి మంచి దారి ఒకటుంది. రెండు కీళ్లను దాటే కండరం రెండు చోట్లా ఒకేసారి పూర్తిగా సాగలేదు. కాబట్టి ఒక కీలును కొలిచి, పక్క కీలు భంగిమ మార్చి, మళ్లీ కొలవాలి. పిక్కలోని గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలినీ చీలమండనూ దాటుతుంది. దాని కిందున్న సోలియస్ చీలమండను మాత్రమే దాటుతుంది. మోకాలు చాపి ఉన్నప్పుడు 2 డిగ్రీల దగ్గర ఆగిన పాదం, మోకాలు మడవగానే 15 దాకా వచ్చిందంటే గ్యాస్ట్రోక్నీమియస్ కురచైనట్టే. రెండుసార్లూ 2 దగ్గరే ఆగితే సోలియస్సో కీలో అయ్యుండాలి. అప్పుడు ఎండ్ ఫీల్, అంటే కదలిక చివర్లో చేతికి తగిలే అడ్డు తీరు, చూడాలి: కండరం చివర్లో కాస్త సాగుతూ ఆగుతుంది, క్యాప్సూల్ తోలు పట్టీలా బిగుతుగా ఆపేస్తుంది, ఎముక టక్కున ఆపుతుంది. ఏ అడ్డూ తగలకముందే నొప్పితో రోగి ఆపేస్తే అది పొడవు కొలత కాదు, అక్కడితో పరీక్ష ఆపి కారణం వెతకాలి.

ఇక్కడే ఒక మోసం ఉంది. మడమను గట్టిగా పట్టుకోకపోతే పాదం వంపు కిందికి దిగి, మధ్యపాదం దగ్గర వంగుతుంది. గోనియోమీటరు దాన్నీ చీలమండ లెక్కలోనే వేస్తుంది. గొంతుక్కూర్చున్నప్పుడూ ఇదే జరుగుతుంది. మడమ లేవలేదు కదా అనుకుంటాం, కానీ పాదాలు బయటికి తిరిగి, వంపులు నేలకు ఆని ఉంటాయి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ వాడేవాళ్లకు బల్ల మీద 10 డిగ్రీలు వచ్చింది చాలనుకోవడం తప్పు. బరువు వేసి గొంతుక్కూర్చోబెట్టి కూడా చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు చేసేది తుంటి ముందు కండరాల పొడవు చూసే థామస్ పరీక్షలో. 19వ శతాబ్దంలో ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ తుంటి వంగిపోయి బిగిసిన రోగుల కోసం చెప్పిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువగా వాడేది దాని మార్చిన రూపం. పిరుదులు బల్ల అంచుకు వచ్చేలా పడుకోబెట్టి, ఒక మోకాలిని ఛాతీకి లాక్కోమని, రెండో కాలిని వదిలేయమనాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తొడ వెనక పట్టుకోమనండి. వేలాడే కాలి తొడ బల్లకు సమంగా ఉండాలి, మోకాలు దానంతటదే సుమారు 80 డిగ్రీలు మడిచి ఉండాలి.

తొడ పైకి లేచి ఉంటే మోకాలిని మెల్లగా చాపండి. తొడ దిగిందా, తొడ ముందున్న రెక్టస్ ఫెమోరిస్ కురచ. దిగలేదా, తుంటిని వంచే ఇలియోసోయాస్ గానీ తుంటి కీలు గానీ. కాలును పక్కకు జరిపితే దిగిందా, తుంటి పక్కనున్న టెన్సర్ ఫాషియా లాటా. తొడ సమంగానే ఉండి మోకాలు 50 దగ్గరే ఆగినా రెక్టస్‌దే తప్పు.

ఇదంతా నడుము సరిగ్గా ఉంటేనే పనికొస్తుంది. మోకాలిని అతిగా లాక్కుంటే పెల్విస్ (కటి ఎముకలు) వెనక్కి తిరిగి, మామూలు కండరం కూడా కురచలా కనిపిస్తుంది. తక్కువ లాక్కుంటే నడుము విల్లులా లేచి, నిజంగా కురచైన కండరం కూడా దాక్కుంటుంది. నడుము కింద చెయ్యి పెట్టి చూస్తూ, నడుము బల్లకు ఆనగానే ఇక లాగవద్దని చెప్పండి.

తొడ వెనక కండరాలైన హ్యామ్‌స్ట్రింగ్స్‌దీ ఇదే పెల్విస్ గొడవ. నిటారు కాలు ఎత్తి చూసేటప్పుడు రెండో కాలి తుంటి ముందు కండరాలు కురచైతే పెల్విస్ ముందుకు వంగి, హ్యామ్‌స్ట్రింగ్స్ కురచని తప్పుగా తేలుతుంది. రెండో మోకాలి కింద చిన్న దిండు పెట్టి మళ్లీ కొలవాలి. తుంటిని 90 దగ్గర ఉంచి మోకాలు చాపే పరీక్ష చాలావరకు ఈ గొడవను తప్పిస్తుంది. అందుకే నా ఓటు దానికే. పూర్తిగా చాచడానికి 20 డిగ్రీలలోపు తగ్గితే మామూలే.

రోగి «నరం లాగుతోంది» అంటే కొట్టిపారేయకండి. లాగిన చోటే కాలును ఆపి, తల ఎత్తమనండి. హ్యామ్‌స్ట్రింగ్స్ మెడ దాకా పోవు కదా! తల ఎత్తగానే తొడ వెనక లాగుడు పెరిగితే అనుమానించాల్సింది నరాన్నే. దాన్ని పట్టి సాగదీస్తే నొప్పి ఇంకా పెరగొచ్చు.

కొలిచే ముందు సాగదీత చేయించకండి. రెండు వైపులా కొలిచి, భంగిమ, ఎండ్ ఫీల్, ఆపింది ఏదన్నదీ అంకె పక్కనే రాయండి. తర్వాతి కొలత అదే చేతులతో, వీలైతే అదే వేళకు. గోనియోమీటరులో 5 డిగ్రీల తేడా చేతి పొరపాటుతోనే రావచ్చు. దాన్ని మెరుగుదల కింద రాసుకోకండి.