పదిహేను రోజులు నిండకముందే

చెక్‌బౌన్స్ కేసులో 2021 నవంబరులో నాకు శిక్ష పడింది. ఎరువుల షాపు మునిగినప్పుడు తీసుకున్న బాకీకి ఇచ్చిన నాలుగు లక్షల చెక్కు అది. బాకీ నిజమే, ముందే చెప్పేస్తున్నా. ఆరు నెలల జైలు, ఫిర్యాదికి నాలుగు లక్షల పరిహారం అని మేజిస్ట్రేట్ గారు చదువుతుంటే కాళ్ళు వణికాయి. అయితే ఆ రోజే జైలుకు పోలేదు. బెయిలు మీదున్న ముద్దాయికి మూడేళ్ళకు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకోడానికి వీలుగా ఆ కోర్టే శిక్షను ఆపొచ్చు. ముప్పై రోజులు ఆపారు. మా బావమరిది పూచీ ఉన్నాడు.

సెషన్స్ కోర్టుకు వెళ్ళడానికి ఉన్న గడువు కూడా ఆ ముప్పై రోజులే. తీర్పు కాపీ ఉచితంగానే ఇచ్చారు. మిగతా కాగితాల కోసం కాపీ అప్లికేషన్ పెట్టి కోర్టు చుట్టూ తిరిగాను. కొత్త ప్లీడరు గారు పెద్దాయన. నేను మొదట్నుంచీ చెప్పబోతే ఆపేశారు.

"కథ తర్వాత చెబుదువుగానీ, నోటీసు నీకు ఏ రోజు అందిందయ్యా?"

పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద నా సంతకం, పక్కన జూన్ 11. ఫిర్యాదు మీద కోర్టు సీలు జూన్ 24. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి చట్టం పదిహేను రోజులిస్తుంది, అందిన రోజును లెక్కలో కలపరు. అంటే 26 దాకా నాకు టైముంది. గడువు తీరకుండా వేసింది అసలు ఫిర్యాదే కాదని సుప్రీంకోర్టు 2014లో యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో చెప్పింది. విచారణ నడిచినన్నాళ్ళూ ఆ కార్డు ఫైల్లోనే ఉంది. "చెక్కు సెక్యూరిటీకి ఇచ్చాను" అన్న ఒక్క మాట పట్టుకుని నేనూ, పాత ప్లీడరూ వేలాడాం తప్ప తేదీలు చూసుకోలేదు.

అప్పీలు తీసుకున్నారు గానీ పరిహారంలో 20 శాతం డిపాజిట్ చేయమన్నారు. అంతకు తక్కువ కుదరదట. 80 వేలు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. ఆ తర్వాత ఏడాదిన్నర వాయిదాలే. వాయిదా అంటే ముందు రోజు రాత్రి నిద్రుండేది కాదు, అంత టెన్షన్.

వాదన మాత్రం పావుగంటలో తేలిపోయింది. జడ్జి గారు తేదీలు చూసి, "ఇవి కాదంటారా?" అని అవతలి ప్లీడర్ని అడిగారు. "ఇప్పటికీ డబ్బు కట్టలేదు కదండీ" అన్నాడాయన. అది నిజమే కాబట్టి నేను తల దించుకున్నాను.

శిక్ష కొట్టేశారు. కానీ అదే చెక్కు మీద నెలలోపు మళ్ళీ ఫిర్యాదు వేసుకోవచ్చన్నారు. ఆ 2014 తీర్పులోనే ఆ వెసులుబాటు ఉంది. ఇరవై రెండో రోజున వేశారు. ఈసారి నేను సాగదీయలేదు. లోక్ అదాలత్‌లో కూర్చుని మూడున్నర లక్షలకు ఒప్పుకున్నాం. కోర్టు నుంచి తిరిగొచ్చిన 80 వేలే మొదటి వాయిదాగా కట్టాను.