ఆఖరి కీర్తనలో సకారం

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. బయట పనేమీ పెట్టుకోలేదు కాబట్టి కాఫీ అవగానే రికార్డు ప్లేయరు ముందు కూర్చున్నాను. కొత్త కార్ట్రిడ్జ్ (రికార్డు మీద ఆనే ముల్లు ఉండే చిన్న భాగం), ఆడియో టెక్నికా వీఎం95ఈ, వచ్చి డబ్బాలోనే ఉంది. బిగించడం రెండు స్క్రూల పనే. కానీ కార్ట్రిడ్జ్ మారిందంటే దాన్ని మోసే కడ్డీ, అదే ఆర్మ్, మొత్తం మళ్ళీ మొదటి నుంచి సరిచూడాల్సిందే.

నా పరీక్ష ఎప్పుడూ ఒక్కటే: బాలమురళీకృష్ణ గారి ఎల్పీలో మొదటి వైపు ఆఖరి కీర్తన. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు సాగుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20కి కాస్త పైన ఉంటుంది. అంతే పాట సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే శ, స లు అక్కడ బుసకొడతాయి. మొదటి కీర్తన బాగా పలికిందని ఆర్మ్ కుదిరిందనుకుంటే పొరపాటు.

నిన్న జిరాక్స్ షాపులో ప్రొట్రాక్టర్ కాగితం తీయించాను, ముల్లు గాడికి సూటిగా ఉందో లేదో చూసుకునే చుక్కలూ గీతలూ ఉన్న కాగితం. ‘పేజీకి సరిపెట్టకు తమ్ముడూ, ఉన్న సైజులోనే తియ్యి’ అని చెప్పి, స్కేలు పెట్టి కొలిచాకే డబ్బులిచ్చాను. ఇందులో మిల్లీమీటరు కూడా పెద్ద తేడానే. మాస్టర్ డిస్కు కోసే యంత్రంలో ముల్లు అంచు నుంచి మధ్యకి తిన్నగా జరుగుతుంది. మన ఆర్మ్ ఇరుసు మీద తిరుగుతూ వంపుగా వస్తుంది. కాబట్టి గాడికి అచ్చంగా సూటిగా ఉండేది రెండు చోట్లే. నేను వాడే లెక్కలో అవి కేంద్రం నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి, కాగితం మీద రెండు చుక్కలు అక్కడే. ఒక చుక్క మీద సరిచేస్తే రెండో చుక్క దగ్గర వెంట్రుకవాసి పక్కకి పోతుంది. స్క్రూ వదులు చేసి, గోటి కొనతో కార్ట్రిడ్జ్‌ని తోసి, మళ్ళీ బిగించాలి. బిగించేటప్పుడే అది మళ్ళీ కదులుతుంది. మధ్యాహ్నం భోజనం దాకా ఇదే పని.

తర్వాత బరువు. ఆర్మ్ లోపలికి జారకుండా బయటికి లాగే యాంటీ స్కేటింగ్‌ని సున్నాలో పెట్టి, వెనక గుండు తిప్పుతూ ఆర్మ్ గాల్లో సమంగా తేలేదాకా చూసి, అక్కడ డయల్ సున్నా చేసి, 2 గ్రాములకి తిప్పాను. చిన్న డిజిటల్ కాటా మీద కూడా చూశాను. సరిపోయింది.

ఇంతలో బాబాయ్ ఫోన్. రికార్డులన్నీ ఆయనవే.

‘ఒరేయ్, ఒక గ్రాముకి తగ్గించరాదూ? అరిగిపోతాయిరా!’

‘మరీ తేలికైతే ముల్లు గాడిలో కుదురుగా ఉండదు బాబాయ్. ఎగిరెగిరి పడి గోడల్ని చెక్కేస్తుంది. దీనికి 1.8 నుంచి 2.2 దాకా ఉండాలి.’

ఆయన కాసేపు ఆలోచించి, వాళ్ళ పాత ప్లేయరు తల మీద ముల్లు ఎగరకుండా పావలా బిళ్ళ పెట్టేవాళ్ళమని గుర్తుచేసుకున్నారు. రికార్డుల మీద ప్రేమతో బరువు తగ్గించేవాళ్ళంటే నాకు గౌరవమే, కానీ ఆ ప్రేమే రికార్డుకి చేటు చేస్తుంది.

యాంటీ స్కేటింగ్ కూడా మొదట 2లోనే పెట్టాను. ఆఖరి కీర్తనలో కుడి స్పీకరులో మాత్రమే ‘స’ చిరిగినట్టు వినిపించింది. ఆర్మ్ లోపలికి లాగుతుంటే బయటి గోడ మీద పట్టు తగ్గుతుంది, కుడి చానల్ ఉండేది ఆ గోడలోనే. కొద్దిగా పెంచాను. తంబురా ఒక్కసారిగా రెండు వైపులా సమంగా పరుచుకుంది. ఆర్మ్ ఎత్తు కొంచెం దించాక మృదంగం ఎడమ వైపు లోతుగా మోగే గుమికి కూడా ఒళ్ళొచ్చింది. ఇంత పట్టిపట్టి చేసేది ఇలాంటి క్షణం కోసమే.

చరణంలో ఒకచోట గరగర ఇంకా ఉంది. అది ఆర్మ్ తప్పు కాదు, ఆ బిళ్ళ కాలంలో గాడికే తగిలిన దెబ్బ. ఏం తిప్పినా పోదు. రెండో వైపు అంతగా వాడినట్టు లేదు. రేపు కడిగి ఆరబెట్టి వినాలి. బాబాయ్‌ని కూడా రమ్మన్నాను.