సస్పెండ్ చేశారు సరే, కేసు ఏది?

స్టేషన్లో ఎవర్నో చితకబాదారని వీడియో బయటికొస్తుంది, సాయంత్రానికల్లా టీవీ స్క్రోలింగ్‌లో "ఎస్సై వీఆర్‌కి" అని పడుతుంది, యాక్షన్ తీసుకున్నారు కదా అని మనం కూడా వదిలేస్తాం. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్, అది అసలు శిక్షే కాదండీ, పోస్టింగ్ లేకుండా కొన్నాళ్లు పక్కన కూర్చోబెట్టడం అంతే. సస్పెన్షన్ కూడా ఎంక్వైరీ తేలేదాకా దూరం పెట్టడమే, అప్పుడు కూడా మొదట్లో దాదాపు సగం జీతం అలవెన్స్‌గా వస్తుంది.

డ్యూటీకి లేటుగా రావడం, కేస్ డైరీ సరిగ్గా రాయకపోవడం లాంటివాటికి మెమో ఇవ్వండి, ఇంక్రిమెంట్ కట్ చేయండి, ఎవరూ కాదనరు. కానీ నేరం ఒప్పించడానికి మనిషిని కొట్టడం పాత ఐపీసీలో సెక్షన్ 330, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన శిక్షా చట్టం బీఎన్ఎస్‌లో సెక్షన్ 120, ఏడేళ్ల దాకా జైలు, తీవ్ర గాయాలైతే పదేళ్ల దాకా. అది డిపార్ట్‌మెంట్ ఇంటి వ్యవహారం ఎలా అవుతుంది? ఒకే తప్పుకి రెండు శిక్షలా అంటారు కొందరు, శాఖాపరమైన చర్య వేరు కోర్టు కేసు వేరు, రెండూ ఒకేసారి నడవొచ్చని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

నాకు కోపం ఎక్కడ వస్తుందంటే, ముందు డిపార్ట్‌మెంట్ చూసుకుంటుందిలే అని ఆ మొదటి రోజులు వాళ్ల చేతిలోనే పెడతాం, కేసు చచ్చిపోయేది అక్కడే. వాకపల్లి చూడండి. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలోని ఆ గూడెంలో మావోయిస్టుల కోసం కూంబింగ్‌కి వచ్చిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ వాళ్లు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు కొండ దిగొచ్చి కంప్లైంట్ ఇచ్చారు. దర్యాప్తు చేసింది ఎవరు, పోలీసులే. నిందితుల్ని ఆ ఆడవాళ్ల ముందు నిలబెట్టి గుర్తుపట్టించే పరేడ్ కూడా పెట్టలేదు! 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెబుతూనే, బాధితులకి పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక, ఎవరు చేశారో తేలకుండా పరిహారం!

యాదాద్రి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్లో 2021 జూన్‌లో దొంగతనం ఆరోపణ మీద తీసుకొచ్చిన దళిత మహిళ చనిపోతే ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనీ ఉద్యోగంలోంచే తీసేశారు. అది మామూలుగా జరిగేది కాదు, ఒప్పుకుంటా. కానీ ఉద్యోగం పోవడం అనేది ఒక ప్రాణానికి పూర్తి జవాబు కాదు కదా. పైగా శాఖాపరమైన శిక్ష ఎక్కువగా కింద ఉన్నవాడి మీదే పడుతుంది, కానిస్టేబుల్ ఇంటికి పోతాడు, పైనుంచి ఫోన్ చేసినవాళ్ల పేరు ఫైల్లోకే రాదు. క్రిమినల్ దర్యాప్తు నిజాయితీగా జరిగితే ఆ కాల్ డేటా బయటికొస్తుంది, అందుకే కోర్టు కేసు కానిస్టేబుల్‌కి కూడా మంచిదే అంటాను.

ఇక డ్యూటీలో భాగంగా చేసిన పనికి పోలీసుల మీద కోర్టులో కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే అడ్డం ఒకటి. లాకప్‌లో కొట్టడం డ్యూటీలో భాగం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అయినా ఆ వాదనతోనే ఏళ్లు లాగేస్తారు. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 218లో 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అని పెట్టారు, చాలా మంచి మార్పు. 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో, లాకప్‌లో కూడా సీసీ కెమెరాలు ఉండాలంది, కాబట్టి మనవాళ్లనెవరినైనా స్టేషన్లో కొట్టారని తెలిస్తే సస్పెండ్ చేయమని ధర్నా చేసేకంటే ముందు ఎఫ్ఐఆర్ కట్టమనండి, ఆ రోజు ఫుటేజ్ భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా ఎస్పీకి ఇచ్చి, రసీదు తీసుకోండి.