గోదాములో గోల్ఫ్: ముందు తెర, ఆ తర్వాతే ప్రొజెక్టర్

పర్లాకిమిడిలో గోల్ఫ్ ఆడే మనిషి ఉన్నాడంటే పక్కనున్న పాతపట్నం వాళ్ళే ఆశ్చర్యపోతారు. నేను ఈ ఆట నేర్చుకున్నది విశాఖపట్నంలో ఉద్యోగం చేసే రోజుల్లో, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. నాన్నకి వయసు మీదపడ్డాక ఇంటికొచ్చి మా టెంట్ హౌస్ చూసుకోవడం మొదలుపెట్టాను, దాంతో కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం, దూరమైపోయింది. ఆట మాత్రం వదలబుద్ధి కాలేదు. మా పాత గోదాములో సగం ఖాళీ చేయించి సిమ్యులేటర్ పెట్టుకున్నాను. అంటే ఎదురుగా కట్టిన తెర మీదకి నిజం బంతినే కొడతాం, ఒక పరికరం దాని వేగం, దిశ కొలుస్తుంది, కోర్సు మీదైతే అది ఎటు పోయేదో ప్రొజెక్టర్ ఆ తెర మీదే బొమ్మగా చూపిస్తుంది.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ప్రొజెక్టర్ గురించే. ఏ కంపెనీ, ఎన్ని ల్యూమెన్ల వెలుతురు, ఫోర్-కేనా కాదా అని. నేనైతే ప్రొజెక్టర్ అన్నిటికన్నా చివర కొన్నాను, ఎవరికైనా అదే చెబుతాను. గది ఎత్తు తేలితే తెర ఎక్కడ కట్టాలో తేలుతుంది. తెర వెడల్పు, ఎత్తు తేలితే ప్రొజెక్టర్ ఏ రకమో దానంతటదే తేలుతుంది. ఈ వరసని తిరగేస్తే కొన్న ప్రొజెక్టర్‌కి సరిపడా గోడలు జరపాల్సి వస్తుంది.

ఎత్తు విషయంలో నాకు కలిసొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గోదాము రేకులన్నీ లేచిపోయాయి. మళ్ళీ కట్టేటప్పుడు లారీ నేరుగా లోపలికి రావాలని అన్నయ్య పట్టుబట్టి గోడలు పెంచాడు. ఇప్పుడు పక్కల పది అడుగులు, మధ్యలో పదమూడు ఉంది. డ్రైవర్‌ని (బంతిని బాగా దూరం కొట్టే పొడుగాటి క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర) పూర్తిగా తిప్పాలంటే మామూలు ఎత్తు మనిషికి తొమ్మిది అడుగులు కనీసం ఉండాలి. పది ఉంటేనే భయం లేకుండా తిప్పగలం. క్లబ్బు పైకప్పుకి తగులుతుందేమోనన్న టెన్షన్ మనసులో ఉంటే తెలియకుండానే స్వింగ్ కుదించేస్తాం. ఆ అలవాటు తర్వాత కోర్సు మీద కూడా వదలదు.

పొడుగు లెక్క ఇలా వేసుకున్నాను. వెనక గోడకీ తెరకీ మధ్య అడుగున్నర. తెర నుంచి బంతికి పదకొండు అడుగులు. బంతి వెనక ఏడు అడుగుల దూరంలో బంతిని కొలిచే పరికరం, ఎందుకంటే నాది రాడార్ రకం. రాడార్ వాటికి వెనక ఆరు నుంచి ఎనిమిది అడుగులు కావాలి, ముందు బంతి కొంత దూరం ఎగరాలి కూడా. కెమెరా రకాల్లో చాలావాటిని బంతి పక్కనే పెడతారు కాబట్టి పొట్టి గదుల్లో అవి మేలు.

ఇక తెర. నాకు బాగా తెలిసిన సంగతి ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకి మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అంటే చిన్నది, గట్టిది. మామూలు ఆటగాడు డ్రైవర్‌తో సూటిగా కొట్టినా గంటకు 200 కిలోమీటర్లు దాటి వెళ్తుంది. ఆ దెబ్బని తట్టుకుని, దాన్ని వెనక్కి విసరకుండా, పైగా బొమ్మ కూడా చక్కగా చూపించడం మామూలు గుడ్డకి చేతకాదు. మా పనివాళ్ళు పాత ఫ్లెక్సీ బ్యానర్ కడదామన్నారు. వద్దన్నాను. ఫ్లెక్సీ గట్టి ప్లాస్టిక్, దెబ్బకి టపాకాయలా పేలుతుంది, వెలుతురు పడితే మెరుస్తుంది, ఒకసారి చీలిక మొదలైతే ఆగదు. మామూలు ప్రొజెక్టర్ స్క్రీన్‌కైతే ఒక్క బంతి చాలు, చిరిగిపోవడానికి.

ఇంపాక్ట్ స్క్రీన్ అని అమ్మేవి పాలిస్టర్ నేతతో చేస్తారు. ఒక పొరవి చవక, బొమ్మ బాగానే కనిపిస్తుంది, కానీ శబ్దం ఎక్కువ. మూడు పొరల వాటిలో మధ్యన మెత్తటి పొర ఉంటుంది, అది దెబ్బ మింగుతుంది. పక్కనే మా పిన్ని వాళ్ళ ఇల్లు, పొద్దున్నే నేను ఆడతాను. అందుకే ఖర్చు ఎక్కువైనా మూడు పొరలదే తెప్పించాను.

పార్సిల్ విప్పినప్పుడు మా దగ్గర నాన్న కాలం నుంచి కనాతులు కుట్టే టైలర్ తాత గుడ్డని వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాడు. నేత సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది. వేలితో నొక్కి, రెండు చేతులా లాగి వదిలాడు. "దీన్ని ఢంకాలాగ బిగించకు బాబూ. వదులుగా కట్టు. పడ్డ బంతి కిందకి జారాల, నీ మీదకి రాకూడదు" అన్నాడు. గోల్ఫ్ ఎప్పుడూ చూడని మనిషి. అచ్చంగా స్క్రీన్ తయారీదార్లు చెప్పే మాటే చెప్పాడు. మరీ వదిలేస్తే ముడతలు పడి బొమ్మ వంకర్లు పోతుంది. మరీ బిగిస్తే బంతి మొహం మీదకి వస్తుంది. అంచుల్లో ఇత్తడి ఐలెట్లు (తాడు దూరే రింగులు) వేయించి ఎలాస్టిక్ తాళ్ళతో కట్టాం, కాబట్టి ఒక్కో తాడూ సర్దుకుంటూ ఆ మధ్యస్థం పట్టుకోవచ్చు. కింది అంచుని పైపుకి కట్టలేదు, బరువు కోసం అంచులో గొలుసు దూర్చి వదిలాం. తెర వెనక అడుగున్నర ఖాళీ ఎందుకంటే బంతి తగిలినప్పుడు గుడ్డ వెనక్కి పోతుంది. గోడ దగ్గరగా ఉంటే బంతి గుడ్డతో సహా గోడని కొట్టి తిరిగొస్తుంది. వెనక నల్ల గుడ్డ కూడా వేలాడదీశాను, సందుల్లోంచి దూరిన వెలుతురు సున్నం గోడ మీద పడి మళ్ళీ రాకుండా.

ఫ్రేమ్ మా షామియానా జీఐ పైపులే. ముందువైపు కనిపించే ప్రతి పైపుకీ మందపాటి ఫోమ్ తొడిగాం. ఇనుముకి తగిలిన బంతి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పక్కలకి క్రికెట్ ప్రాక్టీస్ వలలు, తెరకన్నా రెండు గజాలు ముందుకి వచ్చేలా. కొత్తగా నేర్చుకునేవాళ్ళ బంతి క్లబ్బు మెడకి తగిలి అడ్డంగా పోవడం మామూలే. నా మేనల్లుడు ఆడేటప్పుడు ఆ వల అవతల కూడా ఎవరినీ నిలబడనివ్వను.

తెర కొలతకొస్తే, వెడల్పు పది అడుగులు అనుకున్నాను. సినిమాలాగ పదహారుకి తొమ్మిది నిష్పత్తి తీసుకుంటే ఎత్తు ఐదున్నర అడుగులు దాటి కొంచెం వస్తుంది. వెడ్జ్ అనే క్లబ్బుతో ఎత్తుగా లేచిన బంతి బొమ్మ దాటి నల్ల గుడ్డలోకి పోతుంది. నాలుగుకి మూడు తీసుకుంటే ఎత్తు ఏడున్నర. నిలువునా ఆకాశం కనిపిస్తుంది, ఎదురుగా నిజంగా ఫెయిర్‌వే (కోర్సులో గడ్డి కత్తిరించిన దారి) ఉన్నట్టుంటుంది. నేను అదే ఎంచుకున్నాను.

కానీ అక్కడో మెలిక ఉంది. ఇప్పుడు దొరికే ప్రొజెక్టర్లు ఎక్కువ పదహారుకి తొమ్మిదివే. వాటిలో నాలుగుకి మూడు బొమ్మ వేస్తే పక్కలు వాడకుండా వదిలేస్తాం. 1920 బై 1080 పిక్సెళ్ళు కాస్తా 1440 బై 1080 అవుతుంది, వెలుతురులో పావు వంతు పోతుంది. పదహారుకి పది రకంలో అయితే 1600 బై 1200 మిగులుతుంది, పోయేది ఆరో వంతే. అందుకే 1920 బై 1200 ప్రొజెక్టర్ వెతికాను.

దూరం లెక్క కూడా ఇక్కడే మారుతుంది. త్రో రేషియో (తెరకీ ప్రొజెక్టర్‌కీ ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.5 అంటే పది అడుగుల బొమ్మకి ఐదు అడుగుల దూరం అని అమ్మేవాళ్ళు చెబుతారు. నిజమే, కానీ ఆ పది అడుగులు ప్రొజెక్టర్ పూర్తి వెడల్పు. నాకు ఏడున్నర అడుగుల ఎత్తు కావాలంటే పదహారుకి పదిలో పూర్తి వెడల్పు పన్నెండు అడుగులు లెక్కేయాలి, అంటే ఆరు అడుగుల దూరం. అదే 1.2 రకమైతే పద్నాలుగు అడుగులు దాటి నా వెనక్కి పోతుంది, నా నీడే తెర మీద ఆడుతుంది. నేల మీద తెరకి ఆనించి పెట్టే అల్ట్రా షార్ట్ త్రో కూడా పనికిరాదు. అది బంతి దారిలో ఉంటుంది, పైగా అంత వాలుగా పడే వెలుతురులో గుడ్డ మీది చిన్న ముడత కూడా పెద్ద అలలా కనిపిస్తుంది.

ప్రొజెక్టర్‌ని పైన దూలానికి, క్లబ్బు అందని ఎత్తులో, చిన్న ఇనుప పంజరంలో బిగించాం. తెర పై అంచుకి లెన్స్ ఎంత పైన ఉండాలన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. ఆ లెక్క చూసి ప్రొజెక్టర్ వేలాడే గొట్టం పొడుగు కోయించాలి. కీస్టోన్‌తో (వంకర బొమ్మని ప్రొజెక్టర్ లోపలే సరిచేసే సెట్టింగ్‌తో) సర్దేద్దాంలే అనుకుంటే బొమ్మ పదును తగ్గుతుంది. ల్యాంపు కాకుండా లేజర్ రకం తీసుకున్నాను. ఇక్కడ ల్యాంపు కావాలంటే బరంపురం నుంచో విశాఖ నుంచో తెప్పించుకోవాలి. రేకుల కింద మే నెల మధ్యాహ్నం ఆడను, చాలా ప్రొజెక్టర్లకి 40 డిగ్రీలే హద్దు.

వానాకాలంలో అసలు బెడద ఉసిళ్ళు. తొలకరి పడ్డ సాయంత్రం గదిలో వెలుగుతున్నది తెర ఒక్కటే కాబట్టి గుంపులుగా దాని మీదే వాలతాయి. బంతి తగిలితే ఆ మరక వేరే చెప్పాలా. తలుపుకి దోమల వల, బయట వరండాలో ఒక పెద్ద బల్బు పెట్టాను, చాలావరకు అటే పోతున్నాయి. మరక పడితే సబ్బు నీళ్ళతో మెత్తగా తుడిచి నీడలో ఆరనిస్తాం. బంతుల మీద మార్కర్ పెన్నుతో గీతలు గీయొద్దని మేనల్లుడికి గట్టిగా చెప్పాను, ఆ సిరా తెరకి అంటుకుంటుంది.

మొన్న గుణుపురం స్నేహితుడు ఫోన్ చేశాడు. మేడ మీద పన్నెండు బై పద్నాలుగు గది ఉందట, స్లాబు పది అడుగులు, తెర ఏది కొనమంటావని. ఫ్యాన్ తీసేస్తే ఎత్తు సరిపోతుంది. పొడుగే చాలదు. వెనక అడుగు, తెరకి పది అడుగులు పోతే క్లబ్బు వెనక్కి తీయడానికి మూడే మిగులుతాయి. ఆ గదికి తెర వద్దని చెప్పాను. ఎనిమిది అడుగుల్లో మంచి వల, పక్కన పెట్టే కెమెరా పరికరం, స్టాండు మీద పాత టీవీ. తెరకి పెట్టే డబ్బుతో, బంతి పెట్టి కొట్టే మ్యాట్ మందపాటిది కొనుక్కోమన్నాను, స్లాబు మీద పల్చటి మ్యాట్ వేసి ఐరన్లతో (లోహపు తల ఉన్న క్లబ్బులతో) కొడితే మణికట్టు పాడవుతుంది.