ఒక చెప్పు, రెండు నేషనల్ పార్కులు

సమ్మర్ హాలిడేస్ వస్తే చాలు మా ఇంట్లో ఒకటే గోల, ఎక్కడికెళ్దాం ఎక్కడికెళ్దాం అని. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి దీనికి ఒకటే సమాధానం, అరకు. చుట్టాలొస్తే అరకు, కొత్త కారు కొంటే అరకు, ఏమీ తోచకపోతే అరకు. బొర్రా గుహల్లో గైడు చెప్పే మాటలు మా పిల్లలు గైడు కంటే ముందే చెప్పేస్తారు, అన్నిసార్లు వెళ్ళాం. ఈసారి మా పెద్దాడు స్కూల్లో నేషనల్ పార్కుల మీద ప్రాజెక్టు చేసొచ్చి కజిరంగా, కన్హా, జిమ్ కార్బెట్ అని మొదలెట్టాడు. నలుగురు కాదు, అత్తయ్యగారు మావయ్యగారితో కలిపి ఆరుగురం, ఫ్లైట్ టికెట్లు చూసి మా ఆయన ఫోన్ బోర్లా పెట్టేసి టీవీ పెట్టుకున్నారు.

అప్పుడు మావయ్యగారు, "అరకు దాటి ఎప్పుడైనా వెళ్ళారేట్రా మీరు?" అన్నారు.

మావయ్యగారు రైల్వేలో గార్డు చేసి రిటైర్ అయ్యారు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట, ఆయన మాత్రం ఒప్పుకోరు, నేను గార్డునే అంటారు). ఎక్కువ సర్వీసు కేకే లైన్ మీదే, అంటే కొత్తవలస - కిరండూల్ లైన్, బైలదిల్లా నుంచి మన పోర్టుకి ఇనప రాయి వచ్చే లైన్. యాభై ఎనిమిది టన్నెళ్ళు, లెక్క తప్పకుండా చెప్తారు. ఆ అడవులన్నీ ఆయన బ్రేక్ వ్యాన్‌లో (బండి చివర గార్డు కూచునే పెట్టె) కూచునే చూశారు, అదీ సగం రాత్రిళ్ళే. ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ పక్కనే కాంగేర్ వ్యాలీ నేషనల్ పార్క్ ఉంది, అక్కణ్ణుంచి అలగే కిందకి దిగిపోతే మన పాపికొండలు, రోడ్డు మీదే ఒక చుట్టు చుట్టి వచ్చేయొచ్చు అన్నారు. మ్యాప్ తీసి చూస్తే నిజమే, ఇన్నేళ్ళు మాకెందుకు తట్టలేదో మరి. అయిదు రోజులు అనుకుని మే రెండో వారంలో బయల్దేరాం. ఎండలు కదా అని అందరూ తిట్టారు కానీ వర్షాలు మొదలైతే అక్కడి గుహ మూసేస్తారు, పిల్లలకి స్కూళ్ళు తెరిచేస్తారు, ఇంక వేరే దారి లేదు.

తెల్లారగట్ల నాలుగున్నరకి ఎర్టిగా ఎక్కాం. అత్తయ్యగారు పులిహోర, చేగోడీలు, సున్నుండలు, ఆవకాయ సీసా, అది కారిపోతే తుడవడానికి పాత చీర ముక్క, అన్నీ సర్దారు. ఆవకాయ కారింది. చీర ముక్క డిక్కీలో అన్నిటికంటే అడుగున ఉంది. విజయనగరం, సాలూరు దాటాక ఘాట్ ఎక్కుతుంటే మా చిన్నది రెండుసార్లు వాంతి చేసుకుంది, నిమ్మకాయ వాసన చూపించినా లాభం లేదు, కోరాపుట్ వచ్చాక గానీ మనిషి అవ్వలేదు. జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాది) టీ తాగుతుంటే కొట్టువాడు మా మాట విని తెలుగులోకి దిగిపోయాడు. మావయ్యగారు ఊరుకుంటారా, 1936లో ఒడిశా విడిపోయే దాకా ఇదంతా మన విశాఖపట్నం జిల్లాయే అని పిల్లలకి పాఠం. జగదల్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది, సుమారు 300 కిలోమీటర్లు. హోటల్ గురించి ఎక్కువ చెప్పను, ఏసీ ఉంది, రిమోట్ లేదు, రిమోట్ ఉన్న కుర్రాడు భోజనానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే కాంగేర్. 1982లో నేషనల్ పార్క్ అయింది, 200 చదరపు కిలోమీటర్లు, 2025లో యునెస్కో వాళ్ళ ప్రపంచ వారసత్వ స్థలాల టెంటేటివ్ లిస్టులోకి (ముందు వరస జాబితా) కూడా ఎక్కింది. మావాడి చేతిలో లిస్టు ఉంది, పులి, చిరుత, ఎలుగుబంటి, పక్కన టిక్కు పెట్టడానికి గడులు. మే నెల ఎండలో ఏ చిరుత వచ్చి రోడ్డు మీద నిలబడుతుంది చెప్పండి. మాకు కనిపించినవి కోతులు, ఇంకా ఎండిపోయిన చెట్టు కొమ్మ మీద ఒక జత కొండ గోరింకలు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అదే, నల్లగా నిగనిగలాడుతూ, తల వెనకాల పసుపు రంగు తోలు వేలాడుతూ ఉంటుంది, మనిషి మాట అచ్చు దింపేస్తుందట. అదే దానికి శాపం, పంజరాల్లో పెట్టుకోవడానికి పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళనే మైనా మిత్ర అని పెట్టి గూళ్ళు కాపలా కాయిస్తున్నారు అని గైడు చెప్పాడు. మావాడి లిస్టులో గోరింకకి గడి లేదు. కింద పెన్నుతో గీసుకున్నాడు, మొహం మాడ్చుకుని.

కుటుంసర్ గుహ గురించి మాత్రం చెప్పాలి. బొర్రా లాంటిదే, సున్నపురాయి గుహే, కానీ బొర్రాకి పెళ్ళి మండపమంత నోరుంటుంది, లోపల రంగు లైట్లు ఉంటాయి. ఇక్కడ అదేం లేదు, రాళ్ళ మధ్య చీలిక, పక్కకి తిరిగి ఒళ్ళు ముడుచుకుని దిగాలి. అత్తయ్యగారు ఆ కన్నం చూసి, "నాకు పైకి వెళ్ళే వయసొచ్చింది గానీ కిందకి వెళ్ళే వయసు కాదు" అని చెట్టు కింద కూచుండిపోయారు. మావయ్యగారికి 71, మోకాళ్ళ నొప్పి, వద్దంటే వినలేదు. లోపల ఉక్క, చొక్కాలు పిండొచ్చు, గాలి కూడా బరువుగా ఉంటుంది. గైడు చేతిలో ఒకే లైటు. ఒకచోట నీళ్ళ గుంటలో వేలెడంత పాలిపోయిన చేపలు చూపించాడు, తరతరాలుగా చీకట్లోనే ఉండిపోయి వాటికి కళ్ళు సరిగ్గా లేవట.

అక్కడ గైడు లైటు ఆర్పేశాడు. మామూలుగా మనం చీకటి అనుకునేది చీకటే కాదండీ, ఏ కిటికీలోంచో ఎంతో కొంత వెలుతురు ఉంటుంది. ఇక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నీటి చుక్క పడుతున్న చప్పుడు, మా చిన్నది నా చున్నీ గట్టిగా పట్టుకోవడం, అంతే. అప్పుడు మావయ్యగారి గొంతు వినిపించింది, "టన్నెల్లో బండి ఆగిపోతే ఇలగే ఉంటుందమ్మా. చేతిలో దీపం మనదే, అది ఆర్పుకోం" అన్నారు. ఈ పదమూడేళ్ళలో ఆయన డ్యూటీ గురించి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. సిగ్నల్ లేక, ముందు ఏం జరిగిందో తెలీక, బండి చివర ఆ పెట్టెలో ఒక్కరే గంటలకి గంటలు కూచునేవారట. లైటు వెలిగింది, ఆయన చెమట తుడుచుకుని పదండి పదండి అన్నారు.

సాయంత్రం తీరథ్‌గఢ్ జలపాతం. 300 అడుగులు అంటారు, మెట్లు మెట్లుగా పడుతుంది. ఎండాకాలం కాబట్టి పాలలా పొంగేదేం లేదు, సన్నగా జాలువారుతోంది, కానీ అందుకే పిల్లల్ని నీళ్ళలోకి వదలగలిగాం. అక్కడే మా చిన్నదాని ఎడమ కాలి చెప్పు కొట్టుకుపోయింది. గులాబీ రంగుది, పైన సీతాకోకచిలుక, పూర్ణా మార్కెట్‌లో నూటయాభైకి కొన్నది. అది ఏడ్చిన ఏడుపుకి జలపాతం చప్పుడు వినిపించలేదు. మావయ్యగారు దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పారు: ఈ వాగు పేరు ముంగా బహార్, ఇది వెళ్ళి కాంగేర్ నదిలో కలుస్తుంది, కాంగేర్ వెళ్ళి కోలాబ్‌లో కలుస్తుంది, ఆ కోలాబ్‌నే కిందకెళ్తే శబరి అంటారు, శబరి చింతూరు మీదుగా కూనవరం దగ్గర గోదాట్లో కలుస్తుంది, ఆ గోదారి పాపికొండల మధ్యలోంచి వెళ్తుంది, మనమూ అక్కడికే కదా వెళ్తున్నాం, నీ చెప్పు మనకంటే ముందే బయల్దేరింది, అంతే. ఏడుపు ఆగిపోయింది. నాకైతే ఈ ట్రిప్ మొత్తం ఆ క్షణంలో అర్థమైంది, రెండు పార్కులు వేరు వేరు అనుకున్నాం, నీళ్ళకి అదంతా ఒకటే దారి.

మూడో రోజు చిత్రకోట్. ఇంద్రావతి మీద, గుర్రపు నాడా ఆకారం. వానాకాలం ఫొటోలు చూసి వెళ్ళకండి మేలో, అక్కడక్కడా నాలుగు పాయలు పడుతున్నాయి. బాగుంది, అంతే.

నాలుగో రోజు అసలు ప్రయాణం. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంట మీదుగా చింతూరు. ఈ దారిలోనే దర్భా ఘాటీ, 2013 మే 25న కాంగ్రెస్ వాళ్ళ కాన్వాయ్ మీద మావోయిస్టుల దాడి జరిగింది ఇక్కడే. అత్తయ్యగారికి ఆ సంగతి చెప్పకూడదని ముందే అనుకున్నాం, ఆవిడకి మా అందరికంటే బాగా గుర్తుందని అక్కడికెళ్ళాక తెలిసింది, ఘాట్ దిగేదాకా విష్ణు సహస్రనామం ఆపలేదు. దారి పొడుగునా సీఆర్‌పీఎఫ్ క్యాంపులు, పగలే దాటేశాం. ఊళ్ళ పక్క ఖాళీ స్థలాల్లో తునికాకు కట్టలు వరసగా పేర్చి ఎండబెట్టారు, బీడీలు చుట్టే ఆకు. దూరం నుంచి చూస్తే ఎవరో గళ్ళ దుప్పటి పరిచినట్టు ఉంది. మావాడు దిగి లెక్కపెడదామన్నాడు, ఆ ఎండలో ఆకులు కట్టి పేర్చిన మనుషుల ముందు సరదాకి లెక్కపెట్టడం బాగోదని వద్దన్నాను.

కుంట దగ్గర్నుంచి మళ్ళీ తెలుగు బోర్డులు. చింతూరు దగ్గర శబరి మీద బ్రిడ్జి పక్కన కారు ఆపమంది మా చిన్నది. కుడి కాలి చెప్పు బ్యాగ్‌లో తెచ్చుకుంది, పోల్చి చూడ్డానికట. పది నిమిషాలు చూసింది. నది చాలా వరకు ఇసకే, మధ్యలో పచ్చటి నీళ్ళు. "ఇంకా రాలేదు తాతయ్యా" అంది. "మధ్యలో హాల్ట్ ఉండుంటుంది" అన్నారాయన.

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్‌లో పంచర్. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. బయల్దేరే ముందు చెక్ చేశారా అని నేను అడగలేదు, మొహం అటు తిప్పుకున్నాను, అది చాలు మా ఆయనకి. సిగ్నల్ కూడా లేదు. పనసకాయల లోడుతో వెళ్తున్న బొలెరో ఆయన ఆగి, మా ఆయన్నీ టైరునీ కాయల మీద ఎక్కించుకుని మారేడుమిల్లి తీసుకెళ్ళాడు. మిగతా అయిదుగురం వెదురు పొదల నీడలో చీర ముక్క పరుచుకుని (ఆవకాయ వాసనతో) గంటన్నర కూచున్నాం. కారు హోరు లేకపోయేసరికి అడవి మెల్లిగా మొదలైంది. వెదుళ్ళు కిర్రుమంటున్నాయి, పైన ఏదో కొమ్మ ఊగింది. మావాడే చూశాడు ముందు. ఉడతే, కానీ పిల్లి అంత ఉంది, ముదురు ఎరుపు ఒళ్ళు, దానికంటే పొడుగు తోక కిందకి వేలాడుతోంది. ఏదో కాయ రెండు చేతుల్తో పట్టుకుని తింటూ తొక్కలు మా మీద పారేస్తోంది. తర్వాత ఒక్క గెంతు, చెట్టు నుంచి చెట్టుకి, ఇరవై అడుగులు ఉంటుందేమో. ఎవ్వరూ ఫోన్ తియ్యలేదు, తీసే టైం లేదు. వాడు లిస్టు వెనక్కి తిప్పి కొత్త గడి గీశాడు, ఈసారి నవ్వుతూ.

పాపికొండల నేషనల్ పార్క్ 2008లో అయింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే. నిజం చెప్పాలంటే మేం దాన్ని పక్క నుంచే చూశాం. సరిగ్గా చూడాలంటే గోదాట్లో లాంచీ ఎక్కాలి, 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయిన సంగతి తలుచుకుని అత్తయ్యగారు ససేమిరా అన్నారు. నాక్కూడా గట్టిగా అడగాలనిపించలేదు. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిన్నాం, బాగుంది, అరకులో కూడా ఇంతే బాగుంటుంది, ఎవరేమనుకున్నా సరే. అయిదో రోజు అడ్డతీగల మీదుగా కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి చూసుకుని, నర్సీపట్నంలో ముంజలు కొనుక్కుని, రాత్రికి ఇల్లు.

మొన్న ఆదివారం చెప్పుల స్టాండ్ సర్దుతూ ఆ ఒంటి చెప్పు పారేద్దామని తీశాను. ధవళేశ్వరం దాటి సముద్రంలోకి వచ్చేస్తే బీచ్‌లో దొరుకుతుంది కదా, అప్పుడు రెండోది ఉండాలి కదా అని మా చిన్నది లాక్కుపోయింది. మావయ్యగారు పేపర్ చాటున నవ్వుతున్నారు. స్టాండ్‌లో అసలే చోటు లేదు.